రెండించుల నీళ్లు పడిన ఆల్బం

కొత్త పాట వినకుండానే "పాతదే బాగుండింది" అని చెప్పగలిగిన మనుషులే ఈ భూమ్మీద మానసికంగా అత్యంత ఆరోగ్యవంతులు!

తొందరపడి నవ్వకండి. నేను బీఈడీలో సైకాలజీ పేపరు రాసి అరవై మూడు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఊళ్లో ఒక్కణ్ణే ఉంటూ, మనుషుల మనసులు ఎట్లా పనిచేస్తాయా అని ఆలోచిస్తుంటాను. వేరే పనేమీ లేదు కాబట్టి ఈ ఆలోచన చాలా లోతుకు పోతుంది.

మీరే చెప్పండి, కొత్త పాట వింటే ఏమవుతుంది? నచ్చవచ్చు. నచ్చితే, ఇన్నేళ్లూ మనం మెచ్చుకున్న పాత పాట గతేమిటి? లేదా నచ్చకపోవచ్చు. అప్పుడు ఎందుకు నచ్చలేదో కారణం వెతకాలి. ఆ కారణం కాస్తా మనలోనే దొరికిందనుకోండి! ఇంత ప్రమాదం ఎవరికి కావాలి? "పాతదే బాగుండింది" అంటే రెండు ముక్కల్లో తేలిపోతుంది. బీపీ పెరగదు. నిద్ర పడుతుంది. పైగా సంగీతం తెలిసినవాడని పేరొస్తుంది!

ఈ సిద్ధాంతానికి నిలువెత్తు ఉదాహరణ మా ఊరు. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో ఎడంపక్కకు తిరిగితే వస్తుంది. టూరిస్టులెవరూ తిరగరు. తిరిగినా దారి తప్పామని రెండు నిమిషాల్లో తెలుసుకుని వెనక్కి పోతారు.

మా ఊరి ఏసేపు కూతురు మహిమ. పాటలు తనే రాస్తుంది, బాణీ తనే కడుతుంది, గిటారు వాయిస్తూ తనే పాడుతుంది. చిన్నప్పుడు ఆదివారాలు చర్చిలో పాడేది. తక్కిన రోజుల్లో నా క్లాసులో పాడేది, నేను పాఠం చెబుతుండగా.

ఆరేళ్ల కిందట ఆమె మొదటి ఆల్బం వచ్చింది. పేరు "బెత్తెడు నీడ". అది ఎట్లా తయారైందో చెబితే తప్ప మా విమర్శ స్థాయి మీకు అర్థం కాదు.

మహిమ స్నేహితురాలి దగ్గర్నుంచి ఒక మంచి మైకు రెండ్రోజులకని తెచ్చుకుంది. ఇంట్లో కూర్చుని రికార్డు చేయాలనుకుంది. సరిగ్గా ఆ రెండ్రోజుల్లోనే, నెల్నాళ్లుగా రేపొస్తా మాపొస్తా అంటున్న బోరు బండి ఏసేపు చేనికి వచ్చింది. చేను ఇంటి వెనకే. వచ్చిన బోరు బండిని కాసేపు ఆగమనే ధైర్యం రాయలసీమలో దేవుడికి కూడా ఉండదు. మైకును ఆపడానికీ లేదు. కాబట్టి లోపల గిటారు, బయట గడగడా బండి మోత, రెండూ కలిసి రికార్డయ్యాయి.

మూడో పాట, "మబ్బు తునక". రెండు నిమిషాల పద్నాలుగో సెకను. రెండొందల ఎనభై అడుగుల దగ్గర రెండించుల ధారగా నీళ్లు పైకి చిమ్మాయి. "నీళ్లు పడినాయ్!" అని చేనులోంచి ఒక కేక. ఆ కేక పాటలో పడింది. మహిమ దాన్ని తీసెయ్యలేదు.

ఆ కేక ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం. నాదే.

నా ఒక్కడిదే అనుకుంటే పొరపాటు. బోరు చూడ్డానికి ఊరంతా వచ్చింది కదా! ఐదో పాటలో వినపడే దగ్గు, రైతు శ్రీనివాసులు వాళ్లమ్మ సుబ్బలక్ష్మమ్మది. ఆరో పాటలో అరిచే మేక, మారెన్నది. ఆ ఆల్బం నెట్‌లోకి వచ్చిన రోజు ఊళ్లో ప్రతివాడూ ఫోను చెవికి ఆనించుకుని తనను తాను వెతుక్కున్నాడు. దొరికినవాళ్లు ఇది గొప్ప సంగీతమన్నారు. దొరకనివాళ్లు ఇంకోసారి విన్నారు.

తర్వాత ఆ పాటకు "బోరు పాట" అని పేరొచ్చింది. కొత్త బోరు వేసేటప్పుడు స్పీకర్లో ఆ పాట పెట్టడం ఆనవాయితీ అయింది. ఎంత దూరం పాకిందంటే, ఒకరోజు నాకు కర్నూలు జిల్లా ఆలూరు దిక్కు నుంచి దేవేంద్రప్ప అనే ఆయన ఫోన్ చేశాడు. ఆయన బోరు పాయింట్లు చూస్తాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు లెక్క.

"సార్, ఆ పాట పెడితే టెంకాయ నిట్టనిలువు లేచి నిలబడతాండాది సార్! ఆపితే పండుకుంటాది. ఏం మాయప్పా ఇది!"

"కేక దగ్గర లేస్తుందా, అంతకుముందేనా?" అని శాస్త్రీయ దృక్పథంతో అడిగాను.

"కేక కాడనే సార్!"

ఆ రోజు నుంచి నాకు సంగీతం మీద గౌరవం పెరిగింది.

ఇక్కడ ఒక్క మాట. పట్నాల్లో సంగీత విమర్శకులుంటారు. గాఢత అంటారు, ఆర్ద్రత అంటారు. ఎంత గాఢత? దేంతో కొలిచారు? ఎవరూ చెప్పరు! మాకు ఆ ఇబ్బంది లేదు. మా దగ్గర కొలత ఉంది. "బెత్తెడు నీడ" ఆల్బం: రెండొందల ఎనభై అడుగులు, రెండించుల నీళ్లు. ఇంత స్పష్టమైన సమీక్ష మీరెక్కడైనా చదివారా?

ఆ పాట పెట్టుకుని నాలుగేళ్లలో మా ఊళ్లో ఇరవై రెండు బోర్లు వేశాం. పద్నాలుగు పడ్డాయి. తక్కిన ఎనిమిదీ స్పీకరు చార్జింగు అయిపోవడం వల్ల ఫెయిలయ్యాయి. ఆ ఇరవై రెండు బోర్ల మధ్య ఉన్న ఏసేపు బోరు మాత్రం రెండేళ్ల కిందట ఎండిపోయింది. ఆ ఇరవై రెంటికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఊరంతా ఏకగ్రీవంగా తేల్చింది.

మోటారు నీళ్లకు బదులు గాలి కక్కిన రోజు నేనక్కడే ఉన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, అభిప్రాయం అడుగుతారు. ఒక గులకరాయి బోర్లోకి వదిలి, చెవి ఆనించి విని, నా అభిప్రాయం చెప్పి వచ్చేశాను. మహిమ కూడా ఆ రోజు పక్కనే ఉంది, ఎప్పట్లాగే చేతిలో చిన్న రికార్డరుతో. సాయంత్రానికి ఏసేపు బోరు మీద బండ మూత పెట్టేశాడు.

ఆ తర్వాత మహిమ పది రోజులు ఊళ్లో ఉంది. రోజూ ఆ మూత పక్కకు జరిపి, లోపలికి వైరు దింపి, బోరు మూతికి మొహం ఆనించి కూర్చునేది. ఎండిన బోర్లోకి కెమెరా దింపి అడుగున తడి ఉందేమో చూసేవాళ్లుంటారు. ఆమె చేసేదీ అదే అనుకున్నాం. శ్రీనివాసులు పోతూ పోతూ పలకరించేవాడు.

"ఏం పాపా, ఏమన్నా కనపడతాందా?"

"ఇనపడతాందన్నా."

మాకు జాలేసింది. తండ్రి బోరు ఎండిపోయిన బాధలో మనిషి ఏదో ఒకటి మాట్లాడుతుంది. ఇది నేను అరవై మూడు మార్కుల సాక్షిగా చెబుతున్నాను.

మొన్న మార్చిలో ఆమె కొత్త ఆల్బం వచ్చింది. ఎనిమిది పాటలు, ముప్పై ఎనిమిది నిమిషాలు. పేరు "మూత". ఆల్బానికి ఎవరైనా మూత అని పేరు పెడతారా? గిన్నెల షాపువాళ్లు పెట్టాలి గానీ!

మహిమ ఊరికి వచ్చి ఇంటింటికీ తిరిగి వినమని అడిగింది. మా ఊరు ఏకకంఠంతో సమాధానం చెప్పింది.

"ఆ ఎకో ఏంది పాపా? కుండలో తల పెట్టి పాడినట్టుండాది. హైదరాబాదు స్టూడియోలోళ్లు నిన్ను మోసం చేసినారు," అన్నాడు శ్రీనివాసులు.

"నా దగ్గు యాడ పాయె?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"మేకను అమ్మేసినా పాపా. ముందే ఒక మాట చెప్పింటే ఉంచుకుందును గదా," అని మారెన్న నొచ్చుకున్నాడు.

నేను మాత్రం గురువును కాబట్టి బాధ్యతగా మాట్లాడాను. "అమ్మా మహిమా, మొదటి ఆల్బంలో ఒక సహజత్వం ఉండింది. ముఖ్యంగా మూడో పాట. ముఖ్యంగా రెండు నిమిషాల పద్నాలుగో సెకను."

"కొత్తది ఎంతవరకు విన్నారు సార్?"

"మొదటి పాటలో అర నిమిషం."

మహిమ నవ్వింది. నవ్వి, తలొంచుకుని ఒక మాటంది. "ఎనిమిదో పాట ఒక్కటి, చివరిదాకా వినండి సార్. మనూరోళ్లు ఎవరో ఒకరు వినాల. బయట ఎంతమంది ఇన్నా నాకది ఇన్నట్టు కాదు. ఇంగేం అడగను."

నేను సరేనన్నాను. కళాకారులు ఏదడిగినా సరేననడం వాళ్ల మానసిక ఆరోగ్యానికి మంచిది. వినకపోవడం మన మానసిక ఆరోగ్యానికి మంచిది.

అంతలో శ్రీనివాసులు చీనీ తోట వాడుముఖం పట్టింది. చీనీ అంటే మీ బత్తాయే, నాలుగు వందల చెట్లు. పాత బోర్లు రెండూ ఎండిపోయాయి. మూడోది వేయడానికి బండి మాట్లాడాడు. నేరుగా ఏసేపు ఇంటికొచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు.

"పాపా, నువ్వే వచ్చి ఆ పాట పాడాల. ఫోన్లో పాటకే అన్ని నీళ్లు పడితే, మనిషే వచ్చి పాడితే ఎంత పడాల?"

"పాడతా శీనన్నా. కానీ ముందు నా కొత్త పాటలు ఎనిమిదీ స్పీకర్లో పెట్టాల. ఆపగూడదు."

శ్రీనివాసులు మంచం అంచుకు జరిగాడు. "కింద నీళ్లకు అవి వినపడితే?"

"వినపడనీ అన్నా. ఎవరో ఒకరు ఇన్నట్టుంటాది."

ఏసేపు మూలన కూర్చుని బొగ్గు ఇస్త్రీపెట్టెతో ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "ఒప్పుకో శీనన్నా. దాని పాటకు దోసం లేదు. మన నేలకే ఉండాది దోసం."

గురువారం ఉదయం ఏడింటికి బోరు బండి వచ్చింది. టెంకాయ కొట్టారు. ఊరంతా చేరింది. స్పీకరు వేపచెట్టు కొమ్మకు కట్టారు. కొత్త ఆల్బం మొదలైంది. బండి కూడా మొదలైంది.

ఇక్కడ నేనొక అపూర్వమైన దృశ్యం చూశాను. రెండొందల మంది ముందు ఒక ఆల్బం మొత్తం మోగుతోంది. ఒక్కడికీ వినపడటం లేదు! బండి మోత అట్లాంటిది. అందరి కళ్లూ పైపులోంచి లేచే దుమ్ము మీదే ఉన్నాయి. మహిమ కళ్లు మాత్రం మా మొహాల మీద ఉన్నాయి. ఒక మొహం చూసి, ఇంకో మొహం చూసి, అట్లా వరసగా చూస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికి నేను తల ఊపాను. ఏ పాటకు ఊపానో నాకే తెలియదు.

ఏడో పాట అయిపోవస్తుండగా శ్రీనివాసులు లేచాడు. బోరు అప్పటికి నూట ఇరవై అడుగులే పోయింది. మా దిక్కు నూట ఇరవై అడుగుల్లో ఎవరికీ నీళ్లు పడవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా పరిగెత్తి స్పీకరు తీగ పీకేశాడు.

"ఇంగ సాలు పాపా! నా చెట్లు సచ్చిపోతాయి! బోరు పాట పాడు తల్లీ, నీకు దండం పెడతా!"

ఎనిమిదో పాట మొదలవకుండానే ఆగిపోయింది. మహిమ గిటారు తీసుకుని బండి దగ్గరికి వెళ్లి నిలబడి "మబ్బు తునక" ఎత్తుకుంది. ఈసారి బండి మోతలో కూడా జనానికి వినపడింది, చూడండి! వినాలని ఉంటే మనిషి చెవి ఎట్లా పనిచేస్తుందో ఇంతకన్నా రుజువేం కావాలి?

రెండు నిమిషాల పద్నాలుగో సెకను వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. నేను గొంతు సవరించుకుని, జీవితానుభవమంతా కూడదీసుకుని కేక వేశాను. "నీళ్లు పడినాయ్!"

దుమ్ము లేచింది.

మళ్లీ పాడింది. మళ్లీ కేక వేశాను. మూడొందల అడుగులు. దుమ్ము. నాలుగొందల యాభై. దుమ్ము. రాడ్డు మీద రాడ్డు దిగుతూనే ఉంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమె ఆ పాట పద్నాలుగు సార్లు పాడింది. నేను పద్నాలుగు సార్లు అబద్ధం చెప్పాను. ఏడొందల ఇరవై అడుగుల దగ్గర బండివాడు చెయ్యి అడ్డంగా ఊపి ఇంజను ఆపేశాడు.

మా విమర్శకులు వెంటనే తీర్పు చెప్పారు.

"కొత్త పాటలు ముందు పెడితిరి గదా, నీళ్లు భయపడి కిందికి పాయె," అంది సుబ్బలక్ష్మమ్మ.

"అది కాదత్తా, పాత పాట అలిగింది," అన్నాడు మారెన్న.

అంతే! కొత్త ఆల్బం: ఏడొందల ఇరవై అడుగులు, దుమ్ము. పాత ఆల్బంతో పోలికకు ఇంతకన్నా ఏం కావాలి? నేను ఈ రచనను ఇక్కడితో ముగించి, గెలిచినవాడి ఆనందంతో ఇంటికి పోయి ఉండాల్సింది. పోలేదు.

ఎందుకంటే జనం వెళ్లిపోయాక కూడా శ్రీనివాసులు అక్కడే కూర్చున్నాడు, దించకుండా మిగిలిపోయిన పైపు మీద. చేతిలో ఒక చీనీ ఆకు. దాన్ని మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. ఏసేపు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. ఎండిన బోరున్నవాళ్ల పక్కన ఎట్లా కూర్చోవాలో ఎండిన బోరున్నవాడికి తెలుస్తుందేమో.

శ్రీనివాసులు ఆకు మీంచి తలెత్తి, గిటారు సర్దుకుంటున్న మహిమను అడిగాడు. "పాపా, ఇందాక నేను ఆపిచ్చిన పాట ఏంది?"

"ఎనిమిదోది అన్నా."

"పెట్టు. ఇంగ పొయ్యేదేముండాది."

మహిమ తీగ తగిలించింది. బండి ఆగిపోయింది కాబట్టి చేనులో వేరే చప్పుడు లేదు. తప్పించుకోవడానికి నాకు సాకు కూడా లేదు.

పాట మొదలైంది. గిటారు లేదు, ఒట్టి గొంతు. ఆ ఎకో. ఒక్కో మాట ఎక్కడో కిందికి పోయి, అక్కడేమీ తగలక, మళ్లీ పైకి వస్తున్నట్టుంది. ఒక నిమిషం గడిచిందో లేదో, ఏసేపు నిటారుగా కూర్చున్నాడు.

"ఇది మన బోరే," అన్నాడు.

"ఊఁ నాయినా."

"స్టూడియో కాదా?"

"లేదు నాయినా. మైకు లోపలికి దించి, పైన నేను పాడినా. పాటలన్నీ అంతే."

శ్రీనివాసులు ఆకు మడవడం ఆపేశాడు.

పాట చివరికి వచ్చింది. గొంతు ఆగింది. తర్వాత ఒక గులకరాయి చప్పుడు. గోడకు టక్కున తగిలి, ఇంకోసారి తగిలి, ఇంకా కిందికి, ఇంకా కిందికి. నీళ్ల చప్పుడు రాలేదు. ఆ నిశ్శబ్దంలోంచి ఒక మనిషి గొంతు, చాలా నిదానంగా, అన్నీ తెలిసినవాడిలా:

"ఇంగ ఏమీ లేదమ్మా. మూత పెట్టెయ్యండి."

పాట అయిపోయింది. ముగ్గురూ నా వైపు చూశారు.

పాఠకులారా! నేను న్యాయంగా ఉండేవాణ్ణి. ఇంటికొచ్చి రెండు ఆల్బాలనూ గడియారం పెట్టుకుని పక్కపక్కన పోల్చి చూశాను. పాత ఆల్బంలో నా గొంతు ఒకటిన్నర సెకను. అదీ బండి మోతలో సరిగా వినపడదు. కొత్త ఆల్బంలో నాలుగు సెకన్లు. చుట్టూ ఏ చప్పుడూ లేదు, పైగా ఎకో! గులకరాయి వేసినవాణ్ణీ నేనే కాబట్టి అదీ నా లెక్కలోకే వస్తుంది.

కాబట్టి పైన రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. "బెత్తెడు నీడ" ఏదో కుర్రతనపు ప్రయత్నం. మహిమ అసలైన ప్రతిభ బయటపడింది "మూత"లోనే. ముఖ్యంగా ఎనిమిదో పాట. ముఖ్యంగా చివర్లో. ఈ మాట దేవేంద్రప్పకు కూడా ఫోన్ చేసి చెప్పాను. టెంకాయ దగ్గర పెట్టి చూస్తానన్నాడు.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఆ పాట అయిపోయాక శ్రీనివాసులు "మళ్లా పెట్టు పాపా," అన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. ఆయన గొంతు అందులో ఎక్కడా లేదు. ఆయన తల్లి దగ్గూ లేదు. ఆ పాటకు ఆయన చేనిలో ఒక్క చుక్క నీళ్లు పడలేదు. మరి ఎందుకు విన్నట్టు?

సైకాలజీ పేపర్లో ఈ ప్రశ్న రాలేదు.